నైరుతిలో ఏడో గొయ్యి

షామ్‌బర్గ్: మంకీ క్యాప్‌తో బయల్దేరడం

గోల్ఫ్ సరదా ఉన్నవాళ్లు ఉత్తర మిన్నెసోటాకి జూన్‌లో వెళతారు. మేం మార్చి ఆఖరి వారంలో వెళ్లాం. అదీ ఆడటానికి కాదు. అక్కడున్న పద్దెనిమిది గోతుల్లో ఒకదాన్ని ఉంచాలా, పూడ్చాలా అని తేల్చి రావడానికి. మేం అంటే నేనూ, పొన్నూరు నుంచి షికాగో పక్కనున్న మా షామ్‌బర్గ్‌లో కూతురి ఇంటికి వచ్చిన గంగాధర సిద్ధాంతి గారూ. ఆయనకు డెబ్భై నాలుగేళ్లు, అందులో ఏభై ఏళ్లు వాస్తు చెప్పడంలోనే గడిచాయి. నాకు ఏభై రెండు. ప్రాజెక్టు అయిపోయి ఆరు వారాలుగా ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. కారుంది, పని లేదు, తెలుగొచ్చు. ఇంతకంటే అర్హత ఏం కావాలని మా వాళ్లంతా కలిసి నన్ను డ్రైవర్‌ని చేశారు.

అసలు సంగతి చెప్పాలంటే మురళి దగ్గర మొదలుపెట్టాలి. మురళి నా పాత స్నేహితుడు, కరీంనగర్ వాడు, సొంతంగా కన్సల్టెన్సీ నడుపుతున్నాడు. పెద్ద పెద్ద కాంట్రాక్టులన్నీ గోల్ఫ్ కోర్సుల మీదే తేలిపోతాయని, తనని మాత్రం ఎవరూ ఆటకి పిలవరని వాడికి ఇరవై ఏళ్ల బాధ. చివరికి రోషం వచ్చి తానే ఒక గోల్ఫ్ కోర్సు కట్టించాడు. షికాగో చుట్టుపక్కల స్థలాల ధరలు మండిపోతున్నాయని ఉత్తరంగా వెతుక్కుంటూ పోయి పోయి, ఏడాదిలో ఐదు నెలలు మంచు కింద ఉండే చోట కొన్నాడు. అంత దూరం క్లయింట్లు ఎలా వస్తారురా అని అడిగితే, రావాలంటే ఎనిమిది గంటలు కార్లో తన పక్కనే కూర్చోవాలి గదా, అదే ప్లాన్ అన్నాడు.

ఆ కోర్సు డిజైన్ చేసింది సాహితి. మా వీధి చివరింటి పిల్ల, ఇరవై తొమ్మిదేళ్లు, పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. చదువయ్యాక ఒక పెద్ద డిజైనర్ దగ్గర నాలుగేళ్లు మురుగుకాల్వల బొమ్మలు గీసింది. తన పేరు మీద చేసిన మొదటి పని ఇదే, మూడేళ్లు పట్టింది. పని ముగిసి గడ్డి కూడా కుదురుకుంది, రాబోయే వేసవిలో తెరవాలి. ఇంతలో చలికాలంలో మురళికి మోకాలు బెణికింది, ఒక కాంట్రాక్టు చేజారింది. ఆ బాధలో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి వెళితే, ప్రసాదం తింటూ వాడి ఫోన్లో కోర్సు మ్యాపు చూసిన ఒకాయన, ఏడో హోల్ సరిగ్గా నైరుతి మూలలో ఉందే అన్నాడట. నైరుతిలో గొయ్యి ఉంటే యజమాని గతి ఏమిటో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మర్నాడే మురళి ఏడోదాన్ని పూడ్చేయమన్నాడు. పదిహేడు చాలన్నాడు.

సాహితి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "పదిహేడు హోల్స్ ఉంటే అది గోల్ఫ్ కోర్స్ కాదు అంకుల్, జోక్. నా ఫస్ట్ కోర్సే జోక్ అయిపోతే, సెకండ్ కోర్స్ నాకు ఎవరు ఇస్తారు?" అంది. నాకు గోల్ఫ్ గురించి తెలిసింది సున్నా. అయినా ఆ పిల్ల ఏడుపు విన్నాక ఊరుకోలేక మురళితో గొడవపడ్డాను. చివరికి రాజీ కుదిరింది. సిద్ధాంతి గారు స్వయంగా స్థలం చూడాలి, ఆయన చెప్పిందే ఆఖరి మాట.

బయల్దేరే రోజు పొద్దున ఆయన అల్లుడు ఆయన్ని మా ఇంటి దగ్గర దింపాడు. ఇక్కడ నా రహస్యం ఒకటి చెప్పాలి. మా ఇల్లు దక్షిణ ముఖం. ఏ తెలుగువాడూ కొనకపోవడం వల్లే నాకు చవగ్గా దొరికింది. సిద్ధాంతి గారు గడప బయట నిలబడి తలుపు వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు, బూట్లు విప్పి లోపలికొచ్చి కాఫీ తాగారు. ఒక్క మాట అనలేదు. ఆ అనని మాట ఐదు రోజులూ నా వెనకసీట్లో కూర్చుని వచ్చింది.

ఆయన సామాను ఒక చిన్న పెట్టె, రైస్ కుక్కర్, కరెంటు పొయ్యి, పులిహోర గుజ్జు సీసా, దిక్సూచి, టేపు. తల మీద మెరూన్ రంగు మంకీ క్యాపు. అది ఐదు రోజులూ దిగలేదు.

విస్కాన్సిన్: కీచుమనే జున్ను

విస్కాన్సిన్‌లో పెట్రోలు కోసం ఆగిన ప్రతి చోటా జున్ను అమ్ముతారు. అక్కడి ప్రత్యేకత చీజ్ కర్డ్స్, అంటే ఆ పూట చేసిన జున్ను ముక్కలు. తాజాగా ఉంటే పళ్ల కింద కీచుమని చప్పుడు చేస్తాయి. చప్పుడు రాకపోతే నిన్నటి సరుకని తిప్పికొడతారట. ఆరు డాలర్లు పెట్టి ఒక పొట్లం కొన్నాను. సిద్ధాంతి గారు బయటి తిండి ముట్టరు. నా నోట్లోంచి వచ్చే చప్పుడు కాసేపు విని, అది ఇంకా బతికే ఉందా బాబూ అని అడిగారు. ఆ తర్వాత నేను కూడా తినలేకపోయాను.

కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ చూపంతా మంకీ క్యాపు మీదే. కళ్లూ ముక్కూ తప్ప అన్నీ మూసేసే ఇంత తెలివైన టోపీ తను ఎక్కడా చూడలేదని, జింకల వేటకి వెళ్లే తన భర్తకి ఒకటి కావాలని, ఇరవై డాలర్లైనా ఇస్తానని అంది. పొన్నూరు బజార్లో దాని ధర నూటయాభై రూపాయలు. సిద్ధాంతి గారు ఎంతో మర్యాదగా దుకాణం పేరూ, ఏ వీధిలో ఎన్నో సందులో ఉందో అన్నీ చెప్పి, నా చేత ఇంగ్లీషులో రాయించి ఇచ్చారు. ఆవిడ ఆ కాగితాన్ని క్యాష్ పెట్టెలో భద్రంగా దాచుకుంది.

ఆ రాత్రి ఓ క్లేర్ అనే ఊళ్లో ఆగాం. మోటెల్లో మంచం తల ఉత్తరానికి ఉంది. కదుపుదామంటే గోడకి బిగించేశారు. ఆయన దిళ్లు తీసి కాళ్లవైపు వేసుకుని, తలని దక్షిణానికి పెట్టుకుని హాయిగా పడుకున్నారు. నేను మాత్రం ఉత్తరానికి తలపెట్టి చాలాసేపు దొర్లాను.

డులూత్ దాటాక: మంచు మీద గోతులు

డులూత్‌లో కొండ దిగుతుంటే లేక్ సుపీరియర్ కనబడింది. దాన్ని చెరువంటే ఎలా, అవతలి ఒడ్డు కనిపించదు. సిద్ధాంతి గారు సముద్రమనుకుని దణ్ణం పెట్టారు. నేనూ సరిదిద్దలేదు.

అది దాటి ఇంకో గంట వెళ్లాక ఒక తెల్లటి మైదానం మధ్యలో, బోర్లించిన బకెట్టు మీద ఒక మనిషి ఒంటరిగా కూర్చుని కనిపించాడు. ఎదురుగా నేలలో గొయ్యి. సిద్ధాంతి గారు కారు ఆపమన్నారు. ఆయన వృత్తే గోతులది కాబట్టి ఆపక తప్పలేదు. ఇద్దరం నడిచి అతని దగ్గరికి వెళ్లాం. చేపలు పడుతున్నాడు. పొడవాటి మరతో మంచులో గొయ్యి తొలిచి అందులోకి గాలం వేస్తాడు. పొద్దుటి నుంచి ఏమైనా పడ్డాయా అంటే, లేదు కానీ ఇంట్లో ఉండటం కంటే నయం అన్నాడు.

సిద్ధాంతి గారు నా ద్వారా ప్రశ్నలు మొదలుపెట్టారు. వెడల్పెంత, లోతెంత, ఏ దిక్కున తవ్వావు, వెళ్లేటప్పుడు పూడుస్తావా? అతను అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. పూడ్చక్కర్లేదట. తెల్లారేసరికి అదే గడ్డకట్టి మూసుకుపోతుందట, ఎక్కడ తవ్వాడో తనకే తెలియదట, రేపు మళ్లీ కొత్తది తవ్వుకుంటాడట. ఆయన ఇదంతా చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నారు. రాసుకున్నాక, మరి నీళ్లు ఏ వైపున్నాయని అడిగారు. మన కిందే ఉన్నాయండీ, మనం నిలబడింది చెరువు మీదే అన్నాను. డెబ్భై నాలుగేళ్ల మనిషి అంత వేగంగా నడవగలరని నేను అనుకోలేదు. నేను కారు చేరేసరికి ఆయన సీటు బెల్టు కూడా పెట్టేసుకున్నారు.

మోటెల్: పోపూ, ఫైరింజనూ

కోర్సుకి దగ్గర్లో ఉన్న ఊళ్లో ఒక చర్చి, ఒక బారు, ఒక మోటెల్ ఉన్నాయి. మోటెల్ నడిపే కెరొల్ అనే ఆవిడ మాకు తాళాలిచ్చి, గదుల్లో వంట చేయకూడదని ఎక్కడా రాసి లేదు కాబట్టి తనకి అభ్యంతరం లేదంది. ఇంతవరకూ ఎవరూ చేయలేదు కాబట్టే రాయలేదని మాకు తర్వాత తెలిసింది.

సాయంత్రం ఆరింటికి సిద్ధాంతి గారు పులిహోరకి పోపు పెట్టారు. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి నల్లబడింది. ఆ ఘాటు సీలింగులోని పొగ అలారానికి తగలగానే మోటెల్ మొత్తం కూతలు మొదలుపెట్టింది. కెరొల్ మమ్మల్నందరినీ బయట మంచులో నిలబెట్టింది. సిద్ధాంతి గారు మూకుడు వదల్లేదు, పట్టుకారుతో పట్టుకుని తెచ్చారు. ఐదు నిమిషాల్లో ఫైరింజను వచ్చింది. అందులోంచి ఆరడుగుల మనిషి హెల్మెట్టుతో దిగి, గదిలోకి వెళ్లి దగ్గుకుంటూ బయటికొచ్చి, మూకుట్లోకి తొంగి చూశాడు. అతని పేరు డేల్. అక్కడ ఫైరింజను నడిపేవాళ్లు జీతగాళ్లు కాదు, ఊరివాళ్లే. మామూలు రోజుల్లో డేల్ చేసే ఉద్యోగం మురళి గోల్ఫ్ కోర్సులో సూపరింటెండెంటు, అంటే గడ్డి బాగోగులు చూసే మనిషి. మర్నాడు మేం కలవాల్సిన మనిషి ముందురోజే గొడ్డలి పట్టుకుని వచ్చాడు.

చల్లారాక సిద్ధాంతి గారు డేల్‌కి పులిహోర పెట్టబోయారు. వద్దన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ వద్దన్నాడు. మూడోసారి కూడా వద్దని, నాలుగోసారి పళ్లెం చాపాడు. మిన్నెసోటాలో ఇదే మర్యాదట, మొదటిసారే తీసుకుంటే ఆశపోతనుకుంటారట. వెళ్లేటప్పుడు కూడా అంతే. లేచి నిలబడి అరగంట, తలుపు దగ్గర పావుగంట, ఫైరింజను కిటికీలోంచి పది నిమిషాలు మాట్లాడాడు. గుంటూరు జిల్లాలోనే ఉన్నట్టుందని సిద్ధాంతి గారు సంబరపడ్డారు. అగ్ని ప్రమాదానికి కారణం కూడా ఆయనే కనిపెట్టారు. పొయ్యి వాయవ్యంలో పెట్టాం, ఆగ్నేయంలో పెట్టాల్సింది.

కోర్సు: నల్ల నువ్వులు

మర్నాడు పొద్దున గేటు దగ్గర సాహితీ, మురళీ ఎదురొచ్చారు. మురళి మూడు కోట్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని, చేతులు కిందికి దిగక రెక్కలు చాపినట్టు నడుస్తున్నాడు. సిద్ధాంతి గారు కారు దిగుతూనే దిక్సూచి తీశారు. ఈశాన్యంలో కూలీల కోసం పెట్టిన ప్లాస్టిక్ మరుగుదొడ్డి ఒకటి కనబడింది. వెంటనే తీయించమన్నారు. డేల్ ఎందుకని కూడా అడక్కుండా ట్రాక్టరు తెచ్చి దాన్ని ఈడ్చుకెళ్లాడు.

గోల్ఫ్ తెలియనివాళ్ల కోసం ఒక మాట. ప్రతి హోల్ చివరా బంతిని గోతిలో వేసే చోటు ఒకటుంటుంది, దాన్ని గ్రీన్ అంటారు. తివాచీలా కత్తిరించిన సన్నటి గడ్డి. మేం వెళ్లినప్పుడు ఏదీ పచ్చగా లేదు, అంతా తెల్లగానే ఉంది. ఒక గ్రీన్ మీద మాత్రం గట్టిపడిన మంచు మీద డేల్ ఏదో నల్లగా జల్లుతున్నాడు. సిద్ధాంతి గారు నా చేయి పట్టుకుని ఆపి, నల్ల నువ్వులా, ఎవరి తద్దినం అని గొంతు తగ్గించి అడిగారు. అది నల్ల ఇసుక. నలుపు ఎండని పట్టి ఉంచుతుంది కాబట్టి కింద మంచు తొందరగా కరుగుతుందట. ఆయన నమ్మినట్టు లేదు, ఆ గ్రీన్ దాటేవరకూ చెప్పులు లేని మనిషిలా ఆచితూచి నడిచారు.

నడుస్తూ సాహితి చెప్పింది, నేను తెలుగు చేశాను. చలి గడ్డిని చంపదట. చంపేది నిలిచిన నీరు. పగలు కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి గడ్డి మీద అద్దంలా కూర్చుంటుంది. కింద గడ్డికి ఊపిరాడదు. అందుకని ప్రతి గ్రీన్ కింద అడుగు మందాన ఇసుక, దాని కింద కంకర, కంకరలో గొట్టాలు. పైన నీరు ఒక వైపే కాకుండా రెండు మూడు వైపులకి జారిపోయేలా వాలు. చలికాలపు ఎండ తగిలేలా తూర్పునా దక్షిణానా పొడుగు చెట్లు కొట్టించేసింది. సిద్ధాంతి గారు నడక ఆపి, ఈ పిల్లకి వాస్తు ఎవరు నేర్పారు అని అడిగారు. కోర్సు మొత్తం మీద నీరు ఈశాన్యానికి పోవడం, తూర్పు ఖాళీగా ఉండటం, నైరుతి మెరకగా ఉండటం, అన్నీ ఆయన పుస్తకంలో ఉన్నవేనట. డేల్ తన పుస్తకంలోనూ ఉన్నాయన్నాడు. ఇద్దరూ ఒకరికొకరు అర్థం కాని భాషల్లో ఎండ గురించీ నీటివాలు గురించీ గంటసేపు ఏకీభవించుకున్నారు. మధ్యలో నన్ను అవతలికి పొమ్మన్నారు కూడా.

ఆఖరున ఏడో గ్రీన్. కోర్సు మొత్తానికి ఎత్తయిన చోటు, నైరుతి మూలలో. అక్కడ నిలబడితే పైన్ చెట్లూ, గడ్డకట్టిన చెరువూ, మిగతా పదిహేడు జెండాల చోట్లూ అన్నీ కనిపిస్తాయి. గాలికి మంచు నిలవకుండా సాహితి ఆ దిబ్బని మూడుసార్లు చెరిపి మళ్లీ పోయించిందట. ఈ ఒక్కటి గీయడానికే తను ఈ ఫీల్డ్‌కి వచ్చిందేమో అనిపించిందని నాతో అంది. నాకు గోల్ఫ్ తెలియకపోయినా అది మంచి చోటని తెలిసింది. అక్కడ కాసేపు కూర్చోవాలనిపించింది.

సిద్ధాంతి గారు దిక్సూచి రెండుసార్లు చూశారు. నైరుతి ఎత్తుగా ఉన్నందుకు మెచ్చుకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, "శాస్త్రంలో స్పష్టంగా ఉంది. నైరుతిలో గొయ్యి పనికిరాదు," అన్నారు. మురళి మొహం వెలిగింది, సాహితిని చూశాక ఆరిపోయింది. ఆ పిల్ల వెళ్లి డేల్ ట్రక్కులో కూర్చుంది. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, తిరుగుదారిలో ఒంటరిగా వెళ్లిపోదామా అనుకున్నాను.

ప్లాస్టిక్ గ్లాసులో గడ్డి

వెళ్లబోతుంటే డేల్ తన షెడ్డులో కిటికీ గట్టు మీద వరసగా పెట్టిన ప్లాస్టిక్ గ్లాసులు చూపించాడు. వారం కిందట ఒక్కో గ్రీన్ నుంచి మంచు తొలిచి వేళ్లతో సహా పెకలించిన గడ్డి ముద్దలవి. వెచ్చటి గదిలో పెట్టి నీళ్లు పోస్తే, బతికున్నది పచ్చబడుతుంది. చచ్చింది బయటపడుతుంది. చాలా వాటిలో పచ్చదనం కనిపిస్తోంది. ఏడో నంబరు రాసిన రెండు గ్లాసుల్లో మాత్రం గడ్డి గోధుమ రంగులోనే ఉంది. జనవరిలో వాన పడి గడ్డకట్టిందని, ఈ ఏడోది పోయి ఉండొచ్చని డేల్ అన్నాడు. చచ్చిన గడ్డికి కొత్త విత్తనాల ఖర్చు పెట్టనని, ఎటూ పూడ్చేదే కదా అని మురళి అన్నాడు.

సిద్ధాంతి గారు ఒక గ్లాసు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. దీన్ని ఉత్తరపు కిటికీలో ఎందుకు పెట్టాడో కనుక్కోమన్నారు. షెడ్డుకి ఉన్నది ఆ ఒక్క కిటికీయేనని డేల్ చెప్పాడు. ఆయన అనుమతి అడిగి ఆ గ్లాసుని మంకీ క్యాపులో పెట్టుకుని మోటెల్‌కి తెచ్చారు. బోడి తలతో ఆయన్ని చూడటం నాకు అదే మొదలు, అదే ఆఖరు. క్యాపు దిగలేదని మొదట్లో రాశాను, ఈ పావుగంట మినహాయించాలి.

పూడ్చేయమన్న మీరే దీన్ని ఎందుకు తెచ్చారని కార్లో నిలదీశాను. గొయ్యి సంగతి వేరు, గడ్డి సంగతి వేరు అన్నారు. గ్లాసుని తన గదిలో తూర్పు కిటికీలో, హీటరు పైన పెట్టారు. పొద్దున సంధ్యావందనం అయ్యాక చెంబులో మిగిలిన నీళ్లు అందులో పోశారు. మురళి కాగితం మీద రాసిమ్మని రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆయన ఇంకా గణితం పూర్తి కాలేదన్నారు. ఆ రోజంతా గణితమేమీ చేయలేదు. కెరొల్ పంపిన అడవి బియ్యం వండి, ఇవి బియ్యమా గడ్డి గింజలా అని ఆలోచిస్తూ కూర్చున్నారు. పౌను పద్నాలుగు డాలర్లు, నల్లగా ఉంటాయి, పులిహోరకి పనికిరావు.

ఐదో రోజు పొద్దున ఆయన నా తలుపు కొట్టారు. గ్లాసులో గోధుమ రంగు మధ్యన దారప్పోగంత పచ్చ. ఒకటి కాదు, నాలుగైదు పోగులు. ఇద్దరం కాఫీ కూడా తాగకుండా కోర్సుకి బయల్దేరాం.

సాధన గ్రీన్: ముందున్న గొయ్యి ఏదీ?

క్లబ్బు ముందు బంతి దొర్లించడం సాధన చేసుకునే చిన్న గ్రీన్ ఒకటుంది. డేల్ దాని మీది మంచుని నల్ల కవరు కింద ముందే కరిగించాడు. మేం వెళ్లేసరికి మురళీ, సాహితీ చూస్తుండగా కవరు తీసి, కొత్తగా వచ్చిన పనిముట్టు పరీక్షిస్తున్నాడు. రెండు చేతులతో పట్టుకుని తిప్పితే నేలలోంచి స్తంభం ముక్కలా మట్టీ గడ్డీ కలిసి గుండ్రంగా వస్తుంది. అదే గొయ్యి. తీసిన ముక్కని తీసుకెళ్లి పాత గోతిలో దించి, బూటుతో అదిమి, నీళ్లు చిలకరించాడు.

సిద్ధాంతి గారు కళ్లజోడు పెట్టుకుని నేల మీద కూర్చున్నారు. అరచేత్తో తడిమారు. టేపు పెట్టారు. "ముందున్న గొయ్యి ఏదీ?" అన్నారు. డేల్ కూడా వంగి వెతికాడు, అతనికీ ఖచ్చితంగా దొరకలేదు. ఆటలు జరిగే రోజుల్లో ఇలా ఎన్నాళ్లకోసారి మారుస్తారని అడగమన్నారు. రోజూ అన్నాడు డేల్. ఒకే చోట ఉంచితే చుట్టూ జనం తొక్కి గడ్డి పాడవుతుందట. గొయ్యి రోజూ జరుగుతూనే ఉంటుందని సాహితికీ తెలుసు, డేల్‌కీ తెలుసు. వాళ్లకి అది పళ్లు తోముకోవడమంత మామూలు సంగతి కాబట్టి ఎవరూ చెప్పలేదు. ఏ ఆటా ఆడని మేమెవరం అడగలేదు. ఏడాదికి రెండుసార్లు ఆడే మురళి ఎప్పుడూ గోతి దాకా బంతిని తీసుకెళ్లలేదు కాబట్టి వాడికీ తెలియదు.

సిద్ధాంతి గారు లేచి, చేపలు పట్టేవాడి గొయ్యి గురించి రాసుకున్న నోటు పుస్తకం తీసి ఒకసారి చదువుకున్నారు. తర్వాత అందరినీ షెడ్డులోకి పిలిచారు.

"గొయ్యి అంటే నిలిచి ఉండేది. బావి గొయ్యి, సెప్టిక్ ట్యాంకు గొయ్యి. పొద్దున తీసి సాయంత్రం పూడ్చేదాన్ని శాస్త్రం గొయ్యి అనదు. కాకపోతే ఒక్క షరతు. మిగతావి మీ ఇష్టం, ఏడోదాన్ని మాత్రం సూర్యుడు దిగేలోపు మూసేయాలి. మూసినట్టు నాకు రోజూ తెలియాలి," అన్నారు.

మురళికి అనుమానం వచ్చింది. "మరి పగటిపూట ఎట్ల పంతులు గారూ? పగలంతా తెరిచే ఉంటది గదా."

"పగలు మీరు మెలకువగానే ఉంటారుగా నాయనా. చూసుకోండి."

ఆ జవాబుతో మురళి పూర్తిగా తృప్తిపడ్డాడు. ఈ పనికి ఎంత సమయం పడుతుందని సాహితి డేల్‌ని అడిగింది. ఐదు నిమిషాలన్నాడు, ఎందుకో అడగలేదు. సిద్ధాంతి గారు సంచిలోంచి గ్లాసు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టారు. పచ్చ పోగులు చూసి సాహితి గ్లాసుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. ఆయన కాళ్లకి దణ్ణం పెట్టబోతే కోటు టోపీ ముందుకి పడి మొహం కప్పేసింది. ఆయన టోపీ మీదే చేయిపెట్టి దీవించారు. "థాంక్యూ తాతగారు," అని లోపలి నుంచి వినబడింది. ఏడుస్తోందని నాకు తెలిసింది. నేను డేల్ ట్రాక్టరు ఎంత బాగుందో చూడటానికి బయటికి వచ్చేశాను.

డేల్ దగ్గర సెలవు తీసుకోవడానికి యాభై నిమిషాలు పట్టింది.

తిరుగుదారి

విస్కాన్సిన్‌లోకి వచ్చాక అడిగాను. రోజూ పూడ్చేది గొయ్యి కాదని శాస్త్రంలో నిజంగా ఉందా అని.

"శాస్త్రంలో గోల్ఫే లేదు బాబూ," అన్నారు. "నలభై ఏళ్ల కింద బాపట్ల దగ్గర ఒకాయన చేత నైరుతిలో బోరు పూడ్పించాను. తియ్యటి నీళ్లు. నా మాట మీద ఈశాన్యంలో ఇంకోటి వేయించాడు, ఉప్పునీళ్లు పడ్డాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఏడు పండక్కి బట్టలు కూడా పెట్టాడు. ఆ పంచె నేను ఇంతవరకూ కట్టుకోలేదు."

మొన్న ఆయన్ని వదిలేసి పోదామనుకున్నందుకు సిగ్గేసింది. జున్ను దుకాణం దగ్గర ఆగినప్పుడు ఆ పెద్దావిడ కోసం ఆయన తన మంకీ క్యాపు ఇచ్చేద్దామనుకున్నారు కానీ, ఆవిడ ఆ రోజు సెలవట.

షామ్‌బర్గ్ పొలిమేరల్లో ఇక ఉగ్గబట్టలేక నా ఇంటి సంగతి ఎత్తాను. దక్షిణ ద్వారం, ఏం చేయమంటారని. ఆయన కళ్లు మూసుకునే అడిగారు.

"రాత్రి తలుపు వేసుకుంటారా?"

వేసుకుంటామండీ అన్నాను.

"ఇంకేం మరి," అన్నారు.

ఆ తర్వాత

కోర్సు జూన్‌లో తెరిచారు. నేను మళ్లీ వెళ్లలేదు. సిద్ధాంతి గారు పొన్నూరు వెళ్లిపోయారు. మిన్నెసోటాలో సాయంత్రం సూర్యుడు దిగే వేళకి పొన్నూరులో తెల్లవారి, ఆయన పూజ ముగించుకుని ఉంటారు. రోజూ ఆ వేళకి డేల్ ఆయన ఫోన్‌కి ఒక ఫొటో పంపుతాడు. అందులో ఏమీ ఉండదు, ఉత్త గడ్డి. ఆయన దాన్ని పెద్దది చేసి చూసి, రెండు చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపుతారు. ఊరివాళ్లు కొందరు ఆ వేళకి కాఫీ ఫ్లాస్కులతో ఏడో గ్రీన్ దగ్గరికి చేరి, మూసే తతంగం చూసి ఇళ్లకి పోతున్నారట. మురళి ఒకసారి క్లయింటుతో ఆరో హోల్ దగ్గరే ఆలస్యం చేసుకుంటే, వాళ్లు వచ్చేసరికి ఏడోది మూసేశారు. క్లయింటు కర్ర పట్టుకుని గొయ్యి ఏదని వెతికాడట. కాంట్రాక్టు సంగతి అడిగితే మురళి సూర్యుణ్ణి తిట్టాడు.

ఆ గడ్డి చలికాలాన్ని గట్టెక్కిన కథ ఎలా పాకిందో కానీ, నార్త్ డకోటాలో ఒకాయన సాహితికి ఇంకో కోర్సు ఇచ్చాడు. అక్కడ ఇంతకంటే చలి. పద్దెనిమిది హోల్సూ ఎక్కడెక్కడ పెట్టాలో గీసుకున్నాక, ఈసారి ముందే అడిగేద్దామని పొన్నూరుకి వీడియో కాల్ చేసింది. నన్నూ కలిపింది. సిద్ధాంతి గారు ఇంట్లోనే మంకీ క్యాపు పెట్టుకుని ఉన్నారు. సాహితి మ్యాపుని కెమెరా ముందు పెట్టబోతుంటే ఆయన చేయెత్తి ఆపారు.

"మ్యాపు నాకు చూపించకు తల్లీ. గడ్డి మొలిచాక ఫొటో పంపు, చాలు."